చప్పుడే విన్నాను

నా చిన్నప్పుడు నన్ను ఎవరు తిట్టినా 'కుదురు లేని పిల్ల' అనే మొదలుపెట్టేవారు. అబద్ధమేమీ కాదు. అన్నం ముందు కూర్చుని కూడా మధ్యలో లేచి వాకిట్లోకి వెళ్లొచ్చేదాన్ని. మా శంషాబాద్‌కు అప్పటికింకా విమానాలు రాలేదు గానీ, ఊరవతల గోల్ఫ్ మైదానం ఉండేది. మా మేనత్త అక్కడ గడ్డిలో కలుపు తీసే పనికి పోయేది. ఆమె వెనకాలే నేను.

అక్కడ ఆట నేర్పే సారు ఒకరోజు నా చేతికి కర్ర ఇచ్చి చూశారు. బంతిని దూరం కొట్టడంలో పెద్దపిల్లలు కూడా నా ముందు దిగదుడుపే. బంతి పడాల్సిన గుంతకు రెండడుగుల్లోనే ఉన్నప్పుడు మాత్రం అది పక్కకే పోయేది. పడిందో లేదో చూడాలనే ఆత్రంలో, కర్ర తగలకముందే నా తల లేచేది. కొన్నాళ్లు చూసి ఒక పొద్దున సారు విసిగిపోయారు. సాయంత్రం పది బంతులు పెడతాను, ఎనిమిది పడితేనే రేపటి నుంచి రమ్మన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కాళ్లు బిగబట్టి కొయ్యలా నిలబడి కొట్టాను. కుదురంటే అదే అనుకున్నాను. ఇంకా అధ్వానమైంది.

అన్నాల వేళ అత్త వచ్చి, తన తలగుడ్డను చుట్టగా చుట్టి నా నెత్తిన పెట్టింది. బిందె మోసేటప్పుడు కింద పెట్టుకునే ఆ చుట్టనూ మేం కుదురనే అంటాం. దాని మీద చెంబెడు నీళ్లు పెట్టింది.

"కుదురు కాళ్లల్ల ఉండదే పిల్లా. నేను బిందెతోని గట్లు దుంకుత, ఉరుకుత. నెత్తి మాత్రం కదలనియ్య. నువ్వు గిట్లనే కొట్టు. పడ్డదా లేదా సూడకు, ఇను."

రెండుసార్లు తడిసి ముద్దయ్యాను. ఆమె నవ్వలేదు, మళ్లీ నింపింది. మూడోసారి నీళ్లు తొణకలేదు. బంతి పడి, గుంతలో అమర్చిన రేకు డబ్బా టక్కుమంది.

సాయంత్రం నెత్తిన చెంబు లేదు, ఎదురుగా సారు ఉన్నారు. నేల వంకే చూస్తూ కొట్టాను. తొమ్మిదిసార్లు టక్కుమంది. పొద్దున్నే ఆరింటికి రమ్మని చెప్పి సారు వెళ్లిపోయారు.

ఆ తర్వాత పాతికేళ్లు ఆ ఆటే నా బతుకు. ఈ వారం ఒక దేశం, పై వారం ఇంకొకటి. నాకు నిలకడ ఇప్పటికీ రాలేదు, ఇది రాస్తూనే ఎన్నిసార్లు లేచానో. నా దగ్గర నేర్చుకునే పిల్లలు, మీకు మొదటి కప్పు తెచ్చిన బంతి ఎలా పడిందో చెప్పమంటారు. ఏం చెప్పను? గెలిచిన ప్రతిసారీ ఆఖరి బంతి పడటం అందరూ చూశారు, నేను తప్ప.