సీలు తీయని క్యాను

నేను సిగ్గరినని అందరూ అనుకుంటారు. నవ్వొస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకోవడం, నలుగురిలో పెదవి విప్పకపోవడం చూసి అలా అనుకుంటారు. అసలు కారణం అమ్మకు కూడా చెప్పలేదు. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు బోరు నీళ్ళ వల్ల వచ్చినవి. మా వైపు చాలామందికి ఉన్నవే. అయినా అవి కనపడకూడదని మాట్లాడడం తగ్గించాను. ఆ తర్వాత అదే అలవాటైంది. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకునేదాన్ని.

ఉదయగిరిలో మా వీధి చివరి నీళ్ళ ప్లాంటులో నాకు పని దొరికింది. క్యాన్లు కడగాలి, నింపాలి, మూత బిగించాలి. ఎవరూ లేనప్పుడు లైబ్రరీ పుస్తకం చదువుకోవచ్చు. ఆ బోరు నీళ్ళే నాయనకు మోకాళ్ళు పట్టేలా చేశాయి. గొర్రెల వెంట నడవలేక మందను అమ్మేశాడు. ఇల్లు నా జీతం మీదే నడిచేది.

ఎండాకాలంలో బోరు నీళ్ళు శుద్ధి చేసే మిషన్లో ఫిల్టరు పోయింది. ఓనరు కొత్తది వేయించలేదు. బోరు నీళ్ళలో ఆత్మకూరు నుంచి తెప్పించిన మంచినీళ్ళు కొంచెం కలిపి, నాలుకకు ఉప్పదనం తెలియకుండా అమ్మించాడు. ప్లాంట్లు తనిఖీ చేసే ఆఫీసువాళ్ళు నీళ్ళు పరీక్షకు తీసుకెళ్ళే రోజు ముందుగా ఫోను చేసి వస్తారు. వాళ్ళ కోసం ఆత్మకూరు క్యాను ఒకటి సీలు తీయకుండా బల్ల కింద ఉంచేవాళ్ళం. దాని పేరే ఆఫీసు క్యాను. వాళ్ళ సీసా అందులోంచే నింపాలి.

ఆ రోజు పరీక్షకు ఒక పెద్దాయన వచ్చాడు. అంతకు కాస్త ముందే పక్కింటి అక్క క్యాను నింపించుకుని వెళ్ళింది. ఆమె భర్త మా ప్లాంటు ఆటోనే తోలుతాడు. ఆమె చంకలోని బిడ్డకు అప్పుడే రెండు పళ్ళు మొలిచాయి. బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి.

ఓనరు బయట ఫోన్లో ఉన్నాడు. పెద్దాయన సీసా అందించాడు. నేను దాన్ని రోజూ క్యాన్లు నింపే కుళాయి కింద పెట్టి నింపాను.

"రోజూ జనానికి పోసేది ఈ నీళ్ళేనా తల్లీ?"

"ఈ నీళ్ళే సార్. ఫిల్టరు పోయింది."

ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి, సీసా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఓనరు లోపలికి వచ్చి బల్ల కిందికి వంగి చూశాడు.

"సీలు తియ్యలా? మర్చిపోయినావా? మర్చిపోయినానని చెప్పు మే, ఆయన్ని వెనక్కి పిలిచి ఇంకో సీసా పట్టిద్దాం."

దారి ఆయనే చూపించాడు. ఒక్క మాట అంటే సరిపోయేది.

"మర్చిపోలేదన్నా."

"ఓహో. పుస్తకాలు చదివి చదివి పెద్ద కలెక్టరైనావు. నీ పళ్ళూ, మీ నాయన మోకాళ్ళూ ఎప్పుడో పోయినయ్ గదా, ఇంకా ఎవరిని కాపాడదామని?"

నేను చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"చేర్చుకున్నప్పుడు నీకేమన్నా కాయితం రాసిచ్చినానా? తీసేసేదీ అట్టే. రేపట్నుంచి రామాక."

సీసా నెల్లూరు ల్యాబుకు వెళ్ళిందన్నారు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ప్లాంటు మాత్రం ఒక్క రోజు కూడా మూతపడలేదు.

నేను బస్సెక్కి ఆత్మకూరులో కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాను. అంత దూరం ఒంటరిగా వెళ్ళి కొత్తవాళ్ళతో మాట్లాడడం నాకదే మొదటిసారి. అక్కడి సారు విసుక్కోలేదు, కూర్చోమన్నాడు.

"నిజం చెప్పినందుకే తీసేసినాడని నేను నమ్ముతానమ్మా. కానీ నువ్వసలు తన దగ్గర పనే చెయ్యలేదంటాడు వాడు. చేసినావని చెప్పేవాళ్ళు ఒక్కరన్నా ఉండారా?"

రోజూ నన్ను అక్కడ చూసే మనిషి ఒక్కరే గుర్తొచ్చారు. సాయంత్రం పక్కింటికి వెళ్ళాను. అక్క గడప మీద కూర్చుని బిడ్డకు పాలసీసాతో డబ్బా పాలు పడుతోంది. పక్కనే ఆ పాలు కలిపిన నీళ్ళ క్యాను ఉంది. విషయమంతా చెప్పి, సాక్ష్యం చెప్పమని అడిగాను.

"అంటే ఇయ్యి బోరు నీళ్ళా?" అంది.

"కొంచెం మంచినీళ్ళు కలుపుతారక్కా."

"ఆత్మకూరు నించి ఆ క్యాన్లు తోలుకొచ్చేది మా ఆయనే గదా!"

నేను తల దించుకున్నాను. బిడ్డ పాలసీసా పీక కొరుకుతోంది. సాక్ష్యం సంగతి అప్పటికి నేనూ మర్చిపోయాను. నేను లేచి వస్తుంటే అక్క వెనక నుంచి ఒక మాట అంది. ఆమె నాతో మాట్లాడిన చివరి మాట అదే.

"నేను చెప్తే మా ఆయన్నీ తీసేస్తారు. చెప్పకపోతే ఈ నీళ్ళే. ఇన్నాళ్ళూ తెలీక బిడ్డకు తాపినాను పాపా, రేపట్నుంచి తెలిసి తాపాల."