మూడుసార్లు చచ్చిన దొరసాని

లేదు చిన్నీ, మీ నాన్న ఒంటె మీద బడికి వెళ్ళలేదు, కంపెనీ బస్సులోనే వెళ్ళాడు. దోహాలో ఒంటెల కంటే నా నోటితోనే ఎక్కువ ప్రమాదం. ఓసారి మీ తాతయ్య పీకల మీదికి తెచ్చింది, వినండి.

చమురు డబ్బుతో రోజుకో మేడ లేస్తున్న రోజులు. మేం మాత్రం అల్ దోహా అల్ జదీదా పేటలో ఒక్క గదిలో నలుగురం. ఒకరు పక్కకి తిరగాలంటే మిగతా ముగ్గురికీ ముందు చెప్పాలి. కంపెనీ ఇల్లు కావాలంటే మేనేజరు దొర సంతకం పెట్టాలి.

ఆ దొర భార్య లైబ్రరీలో ఉచిత ప్రసంగం చేస్తోందని తాతయ్య కబురు తెచ్చారు.

"కొత్త ఒపేరా గురించట. ముందు వరసలో కూర్చుని చివర్లో చప్పట్లు కొట్టు. ఇంకేం మాట్లాడకు."

"ఒపేరా అంటే ఏంటండీ?"

"పద్యనాటకం లాంటిదే. మాటలన్నీ పాడతారు."

ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. మా తెనాలి వైపు రాగం బాగా తీస్తే జనం 'వన్స్ మోర్' అంటారు. అనకపోతే నటుడికి ఆ పూట అన్నం సహించదు.

పక్కగది జరీనా, హైదరాబాదావిడ, నాకు ఇంగ్లీషు విడమరిచి చెప్పడానికి తోడొచ్చింది. "ముందు ఆఖరి పాట పాడ్తదంట, కథ తర్వాత చెప్తదంట. హీరోయిన్ జహర్ తాగి పాడే పాట," అంది. దొరసాని విషం తాగింది. ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసి ఇక దిగనని మొరాయించినట్టు ఒక రాగం తీసి, కుర్చీలో వాలి చచ్చిపోయింది. హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

నా ప్రమేయం లేకుండానే లేచాను. "వన్స్ మోర్."

"ఏం చేస్తున్నవ్ అక్కా? ఇప్పుడే సచ్చింది గద పాపం."

దొరసాని కళ్ళు తెరిచి, సర్దుకుని, మళ్ళీ విషం తాగింది. ఈసారి ఇంకా బాగా చచ్చింది. బాగున్నదాన్ని బాగుందనకపోతే ఎలా?

"వన్స్ మోర్."

జరీనా నా కొంగు లాగింది. "ఈసారి నిజంగనే పోతది."

పోయింది, గొంతు. సగం రాగంలో కీచుమని ఆగింది. ఆవిడ చేతులు జోడించింది, సభ ముగిసింది. కథ చెప్పనేలేదు.

తాతయ్య ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, "ఇల్లు ఎలాగూ పోయింది. ఉద్యోగం కూడా పోతే తిరుగు టికెట్టు వాళ్ళే ఇస్తారులే," అన్నారు.

మూడోరోజు దొర పిలిపించారు. తాతయ్య తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే నిలబడ్డారు.

"ఇల్లిచ్చారు. మదీనత్ ఖలీఫాలో."

"మరి అలా ఉన్నారేం?"

"వాళ్ళ పక్కిల్లు. గోడ ఒకటే. దొరసాని పాట విలువ తెలిసిన మనిషివి ఈ ఊళ్ళో నువ్వొక్కదానివేనట. ఆవిడే పట్టుబట్టి ఇప్పించింది."

ఏడేళ్ళు రోజూ పొద్దున్నే గోడవతల ఆ పాటలో పిల్ల విషం తాగేది. చచ్చినవాళ్ళెవర్నీ మళ్ళీ చావమని అడగనని ఆ గోడ మీదే చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. కథ అడుగుదామంటే మళ్ళీ పాడి చూపిస్తుందని భయం. ఇంతకీ పిల్లలూ, ఆ అమ్మాయి విషం ఎందుకు తాగినట్టు?