ఆవిరి ఉండగా తెరుచుకోని మూత

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ కనిపించదు. గట్టిగా మాట్లాడతాను, గట్టిగా నవ్వుతాను. మానుకోటలో నా షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి పలకరించి పోతారు. అలాంటి మనిషి లోపల ఇంత పెట్టుకుని తిరుగుతున్నాడంటే నమ్ముతారా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

పేరు మాత్రం అడగకండి. చెబితే ఈ చుట్టుపక్కల పసుపు వేసే రైతుల్లో సగం మంది గుర్తుపడతారు. చూశారా, తప్పు ఒప్పుకుందామని కూర్చుని అప్పుడే గొప్పలకు పోయాను. నా గుణమే అంత. ఆ గుణాన్ని దాచిపెట్టి చెబితే ఇది కూడా ఇంకో అబద్ధమవుతుంది, అందుకని ఉన్నదున్నట్టే రానిస్తాను.

వయసులో ఉన్నప్పుడు భూపాలపల్లి వైపు కరెంటు ప్లాంటు పనుల్లో కాంట్రాక్టరు కింద బాయిలర్ పైపులకు వెల్డింగ్ చేశాను. నేను వేసిన అతుకులో వంక పెట్టినవాడు లేడు. ఆవిరి అంటే ఏమిటో, దాన్ని ఇనుములో ఎలా బంధించాలో అక్కడే నేర్చుకున్నాను. మానుకోటకు తిరిగొచ్చి సొంత షెడ్డు వేసుకున్నాక ఆ విద్యను పసుపు మీద పెట్టాను.

ముందు చేసింది కప్లింగ్. ఉడికి ఎండిన పసుపు కొమ్ముల్ని పెద్ద డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పి మెరుగు పెడతారు. ట్రాక్టరు షాఫ్టునూ డ్రమ్ము షాఫ్టునూ ఇనుప కప్లింగ్‌తో కలిపేవాళ్లు. కల్లంలో ట్రాక్టరు ఎప్పుడైనా సరిగ్గా డ్రమ్ముకు ఎదురుగా నిలబడుతుందా? ఒక చక్రం గుంతలో ఉంటుంది, ఇంకోటి గట్టు మీద. ఆ వంకరకు షాఫ్టులు పుటుక్కున విరిగేవి. నేను రెండు ఇనుప పళ్లేల మధ్య పాత లారీ టైరు ముక్క పెట్టి బిగించాను. వంకరనంతా టైరు భరిస్తుంది. లోపల రాయి అడ్డుపడితే టైరు చిరుగుతుంది తప్ప షాఫ్టుకు ఏమీ కాదు. కొడకండ్ల నుంచి, లింగాల ఘనపూర్ నుంచి రైతులు వచ్చి మాకూ అదే కావాలన్నారు. ఎవరి దగ్గరా చూసి చేసింది కాదు. ఇప్పటికీ దాని గురించి చెప్పేటప్పుడు ఛాతీ ఉబ్బుతుంది. ఉబ్బనివ్వండి, అందులో తప్పేమీ లేదు.

ఆ ఊపులోనే పసుపు ఉడికించే డ్రమ్ము చేశాను. ఒక పక్క చిన్న బాయిలర్, దాని నుంచి పైపులో ఆవిరి వచ్చి కొమ్ములున్న డ్రమ్ములోకి పోతుంది. ఇలాంటివి అప్పటికే వేరేవాళ్లు చేస్తున్నారు. వాళ్ల మూతలకు చుట్టూ నట్లుండేవి. విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం, కూలీలకు ప్రాణం మీదికొచ్చేది. నేను నట్లన్నీ తీసేసి ఒక్క లివర్ పెట్టాను. గుంజితే మూత ఊడొస్తుంది. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు.

నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తుంటే, లోపల ఆవిరి మిగిలి ఉంటే పక్కల నుంచి బుస్సుమని ముందే చెబుతుంది. మనిషి ఆగుతాడు. నా లివర్ ఆ అవకాశం ఇవ్వదు. ఇది నాకు తెలియదా? బాయిలర్ల మధ్య బతికినవాణ్ణి, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. అయినా ఆ నోళ్లు తెరుచుకోవడం నాకు బాగా నచ్చింది.

యంత్రం నడపడానికి కురవి దగ్గర ఒక తండా నుంచి హర్యాను పెట్టుకున్నాను. నాకంటే చిన్నవాడు. పూణే పోయి భవనాల పనిచేసి వచ్చాడు, కొంచెం భూమి ఉంది, ఇనుమంటే ఇష్టం. నాతో తెలుగు మాట్లాడేవాడు, డ్రమ్ముతో మాత్రం వాళ్లింటి భాషలోనే మాట్లాడేవాడు. ఏమంటున్నావురా అని అడిగితే సిగ్గుపడి నవ్వేవాడు. అతనికి నేను నేర్పిన పాఠం ఒక్కటే. కొమ్ములు ఉడికాక బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి ఆపాలి. ఆవిరిని బయటికి వదిలే కాక్ తిప్పాలి. బుస్సుమంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాక లివర్ గుంజాలి. హర్యా తల పక్కకు వంచి, చెవి పెట్టి, చప్పుడు ఆగేదాకా అలా నిలబడేవాడు. అతన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత అందరూ అతన్ని తొందరమనిషి అన్నారు.

ఆ సంవత్సరం బావుల్లో నీళ్లు తగ్గాయి. మామూలుగా రైతులు కొమ్ముల్ని కడిగి పోస్తారు. ఆసారి మట్టితో, పీచువేళ్లతో అలాగే తెచ్చి పోశారు. కాక్‌కు పోయే గొట్టం నేను సన్నగా పెట్టాను. దాని మూతికి జల్లెడ కూడా పెట్టలేదు. కడిగిన కొమ్ములకు జల్లెడ ఎందుకు అనుకున్నాను.

మధ్యాహ్నం. అలా పోసిన ఒక రైతు కల్లంలో ఒక పక్కన నేను అన్నం తింటున్నాను. ఢామ్మని చప్పుడు, వెంటనే "యాడీ" అని కేక. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆవిరి, వేడినీళ్లు హర్యా కుడిచెయ్యి మీద, మెడ మీద, చెంప మీద కొట్టాయి. కల్లంలో ఉన్న వాళ్లంతా అతని వైపు పరిగెత్తారు.

నేను డ్రమ్ము వైపు పరిగెత్తాను.

ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది. కాక్ తెరిచే ఉంది. హర్యా తిప్పాడు. తెరుచుకున్న డ్రమ్ములో గొట్టం మూతికి మట్టి, వేళ్ల పీచు కలిసి బిరడాలా పట్టుకున్నాయి. చప్పుడు ఆగింది ఆవిరి అయిపోయి కాదు, దారి మూసుకుపోయి. నా జేబులో వెల్డింగ్ రాడ్డు ముక్క ఉంది. దాంతో పొడిచాను. ఆ మట్టిముద్ద వేడివేడిగా నా అరచేతిలో పడింది. దాన్ని చెప్పు కింద వేసి నలిపేశాను. తర్వాత కాక్ పిడిని మూసి ఉండే వైపుకు తిప్పేశాను. ఎవరూ చూడలేదు. ఇదంతా ఆలోచించి చేశానా? చెయ్యి దానంతటదే చేసిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ కొంచెంసేపట్లోనే నా యంత్రం, నా పేరు, ఇక ముందు కొనబోయే రైతులు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అన్నీ తిరిగాయి గానీ అక్కడ కిందపడి అరుస్తున్న మనిషి తిరగలేదు.

మంచం మీద పడుకోబెట్టి తడిబట్టలు కప్పుతుంటే హర్యా నా వైపు చూశాడు.

"అన్నా, నేను కాక్ తిప్పిన. సప్పుడు బందైంది. బందైనంకనే గుంజిన. నువ్వన్న జెప్పు గీళ్లకు."

"కాక్ బందే ఉన్నదిర హర్యా," అన్నాను. "తిప్పిన్ననుకున్నవ్. తొందరల మరిచిపోయినవ్. పోనీ తియ్, గిప్పుడు గదంత ఎందుకు?"

అందరూ వెళ్లి కాక్ చూసి వచ్చారు. మూసి ఉంది. హర్యా భార్య ఊరుకోలేదు. ఈ వైపు తగువు తెగకపోతే కురవి వీరన్న ముందు ప్రమాణం చేయమంటారు.

"మా ఆయన అబద్ధమాడడు. ఇద్దరు వీరన్న కాడికి రాండ్రి. ఎవలిది తప్పో దేవునికి ఎరుకే," అంది ఆమె.

"కాలిన మనిషిని గుడి మెట్లు ఎక్కిస్తరా అమ్మా? నేనేమన్న ఆయన్ని తిట్టిన్నా, అడిగిన్నా? ముందుగాల దవాఖానకు పోదాం పట్టుర్రి," అన్నాను.

నా బండిలోనే తీసుకుపోయాను. దగ్గరుండి చూసుకున్నాను. అన్న మనసు ఎంత పెద్దదో అన్నారు జనం. నిజం చెప్పనా? ఆ మాట అప్పుడు కూడా నాకు తియ్యగానే తగిలింది. అందుకు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చెయ్యి మానింది. వేళ్లు కొంచెం వంగిపోయాయి, పని చేయలేనంతగా కాదు. కానీ ఆ తర్వాత హర్యాను ఎవరూ యంత్రం ముట్టనివ్వలేదు. తొందరమనిషి, మూత గుంజుకుని కాల్చుకున్నాడు అనే పేరు పడిపోయింది. మళ్లీ పూణే పోయాడు, వచ్చాడు, కూలికి పోయాడు. నేను పనికి రమ్మని పిలవలేదు. రోజూ ఆ చెంప చూస్తూ ఎలా ఉండాలి?

మరి నేనేం చేశాను? కొత్త మూత చేశాను. షెడ్డు తలుపు వేసుకుని, తిండి కూడా మరిచి చేశాను. గొట్టం వెడల్పు చేసి జల్లెడ పెట్టాను. లివర్‌కు ఒక పిన్ను పెట్టాను. ఆ పిన్నును నెట్టేది మనిషి కాదు, డ్రమ్ములోని ఆవిరే. ఆవిరి ఉన్నంతసేపు పిన్ను లివర్‌లోకి దూరి కూర్చుంటుంది. ఎంత బలవంతుడు గుంజినా కదలదు. ఆవిరి పూర్తిగా పోయాకే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. చెవితో పని లేదు, జ్ఞాపకంతో పని లేదు. మొదటిసారి పరీక్షించినప్పుడు ఆ లివర్ మీద నా బరువంతా వేసి వేలాడాను. ఇసుమంతైనా కదలలేదు. పిచ్చివాడిలా నవ్వాను. ఆ తర్వాత నా డ్రమ్ము దగ్గర ఒక్క మనిషికీ కాలలేదు. ఇది నా గొప్పే. దీన్ని మాత్రం ఎవరి ముందూ తగ్గించుకోను, ఈ కాగితం మీద కూడా.

కానీ ఆ గొప్పను చెప్పుకోవడానికి ఒక కథ కావాలి కదా. జనగామలో ఇంజనీరింగ్ చదివే పిల్లల ముందు మాట్లాడమని పిలిచారు. మా దగ్గర ఒక మనిషి ఉండేవాడు, తొందరలో కాక్ తిప్పడం మరిచాడు, అతని తప్పు నా కళ్లు తెరిపించింది అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. తర్వాత ఎక్కడ పిలిచినా అదే చెప్పాను, చెప్పినకొద్దీ నున్నగా తయారైంది. హర్యా ఎలా తొందరపడ్డాడో చేతులతో చేసి చూపించడం కూడా నేర్చుకున్నాను. ఆ రోజు అన్నం పళ్లెం ముందున్నవాణ్ణి, నేను చూసిందెక్కడ?

ఈమధ్య కురవి వైపు రైతులు కొందరు కలిసి నా డ్రమ్ములు తీసుకున్నారు. నడిపే మనిషిని నన్నే చూపించమన్నారు. హర్యాను పెట్టుకోండి, నాది పూచీ అన్నాను. వాళ్లు ఆశ్చర్యపోయారు. ఇంత చేస్తే లెక్క సరిపోతుందని, ఇక నోరు విప్పే అవసరం రాదని నా లోపల ఒక దొంగ ఆలోచన ఉంది. ఆ ఉషారులో నేనే తండాకు పోయి చెప్పాను. హర్యా వంగిన వేళ్లను ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

"వద్దన్న," అన్నాడు. "నా మీద నాకే నమ్మకం లేదు."

"ఎందుకు లేదుర?"

"ముందుగాల తిప్పిన్ననే అనుకున్న. అందరు తిప్పలేదన్నరు. నువ్వు గూడ అంటివి. నువ్వెందుకు అబద్ధమాడ్తవు? గప్పటిసంది నేనే మరిచిన్నేమో అనిపిస్తది. ఇంట్ల దీపం ఆర్పిన్నా లేదా అని గూడ లేసి లేసి సూస్త. గిట్లాంటోని చేతికి డ్రమ్మెట్ల ఇస్తవన్న? మల్ల ఎవలన్న కాల్తరు."

నేను అతని చెయ్యి కాల్చానని మాత్రమే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. పేరు చెడగొట్టానని అనుకుంటున్నాను. తన కళ్లతో చూసింది, తన చేత్తో చేసింది కూడా నమ్మలేని మనిషిగా అతన్ని చేశానని ఆ రోజే తెలిసింది. చెప్పాల్సిన సమయం అదే. నోరు తెరిచాను కూడా. "సరే, ఆలోచించుకో," అని వచ్చేశాను. ఎందుకు చెప్పలేకపోయాను? ఇంత నమ్మినవాడు నిజం తెలిశాక నా ముఖం ఎలా చూస్తాడో అన్న భయమా? కాదు, అదీ సాకే. పేరు పోతుందని.

నన్ను క్షమించమని మీకు రాయడం లేదు. క్షమించాల్సినవాడు మీరు కాదు, అతను క్షమించాలనే నియమమూ లేదు. ఇప్పటిదాకా రాసింది షెడ్డులో ఒక్కణ్ణే నిలబడి పైకి చదువుకున్నాను. సగం దూరం పోయాక ఆపేశాను. కాగితం పక్కన పెట్టి, అతను ఎదురుగా ఉన్నట్టే, అతనితో మాట్లాడే భాషలోనే అన్నాను.

"నువ్వు మరువలేదు హర్యా. తిప్పినవ్."

ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఊపిరి కొంచెం లోపలిదాకా పోయింది.