నాన్న బండి వెనక సీటు

ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నానో లేదో, మలుపులో ఒక చప్పుడు వినిపించింది. తిరువూరులో ఇప్పుడు తిరిగే బండ్లలో ఒకదానికీ ఇంకోదానికీ నాకు తేడా తెలియదు గానీ, ఈ చప్పుడు మాత్రం నిద్రలో విన్నా గుర్తుపడతాను. అది మా నాన్న మోటారు సైకిలుది. ఏళ్ళ తరబడి మా తమ్ముడి కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టే చోటుగా మారిపోయిన ఆ బండిని వాడి మనవరాలు ఆరు నెలలు తంటాలు పడి బాగుచేయించి, తాతను వెనక కూర్చోబెట్టుకుని బందరు ప్రయాణం కట్టింది. నాకొక మాట చెప్పి పోదామని మా గుమ్మం ముందు ఆపారు. డెబ్బయ్యేళ్ళ మా తమ్ముడు ఆ పిల్ల భుజాలు పట్టుకుని దర్జాగా కూర్చున్న తీరు చూడగానే నాకు కడుపు మండిపోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధని మీరు అనుకోవచ్చు గానీ, మీలో నా ఈడువాళ్ళు, తమ్ముళ్ళున్న అక్కలు, అంత తేలిగ్గా అనరు.

మా నాన్న మిషను బడిలో మాస్టారు. ఊరు మొత్తానికి రెండో మూడో మోటారు సైకిళ్ళున్న రోజుల్లో ఆయన ఒక పాత బండి కొన్నారు. దానికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి, కాస్త దూరం పోగానే ప్లగ్గుకు మసి పట్టి ఆగిపోయేది, పానాతో ప్లగ్గు విప్పి ఉప్పు కాగితంతో మసి గీకి మళ్ళీ బిగిస్తే గానీ కదిలేది కాదు. ఆదివారం చర్చికి వెళ్ళడానికి శనివారం సాయంత్రం బండి తుడిచేవారు, ఆ ప్లగ్గు పని నాది. పన్నెండేళ్ళకే నేను తనకంటే శుభ్రంగా చేస్తానని నాన్నే అనేవారు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడికి పానా ఏ వైపు తిప్పాలో కూడా తెలియదు.

అయినా వేసవిలో బందరులో ఉన్న నానమ్మను చూడడానికి వెళ్ళేటప్పుడు వెనక సీటు వాడిదే. ఆడపిల్లకు ఎండన పడి అంత దూరం బండి మీద ఏమిటన్నది ఇంటిల్లిపాదికీ ఒకటే మాట. నేనూ అమ్మా బస్సులో వెళ్ళేవాళ్ళం. ఎ.కొండూరు, మైలవరం, బెజవాడ, పామర్రు అంటూ ఆగిన ఊళ్ళూ తాగిన సోడాలూ వాడు ఏకరువు పెడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒక ఏడాది బయలుదేరే పొద్దున పనిముట్ల సంచిలోంచి ప్లగ్గు పానా తీసి నా గుడ్డల సంచిలో దాచాను. బండి ఊరి పొలిమేర దాటకముందే ఆగిపోతుంది, నాన్న కబురు పెడతారు, నేను పానాతో పరుగెత్తి వెళ్ళి ప్లగ్గు తుడుస్తాను, ఇక దారంతా ఈ పిల్ల వెంట ఉండాల్సిందేనని ఆయన నన్ను ఎక్కించుకుంటారు, ఇదీ నా ఆలోచన. ఆ పాడు బండి ఆ రోజే చక్కగా సాగిపోయింది. మైలవరం ఇంకా నాలుగు మైళ్ళుందనగా మా బస్సు కిటికీలోంచి చూస్తే, రోడ్డు పక్కన బండికి స్టాండు వేసి ఉంది, నాన్న సంచి బోర్లించి వెతుకుతున్నారు, సంచి సర్దే పని తనది కాబట్టి తమ్ముడు ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. అమ్మ కునికిపాట్లు పడుతోంది. పానా ఉన్న సంచి నా ఒళ్ళోనే ఉంది, ఒక్క కేక వేస్తే డ్రైవరు బస్సు ఆపేవాడు. నేను వెయ్యలేదు.

మైలవరం దాకా ఇద్దరూ బండిని తోసుకుంటూ పోయారట. వాడి చెవి మెలిపెట్టారని తెలిసి నేను లోలోపల సంతోషించాను కూడా. కానీ ఆ తోసుకుపోయిన ప్రయాణమే మా తమ్ముడికి జన్మంతా చెప్పుకునే కథ అయి కూర్చుంది. చెవి మెలిపెట్టిన నాన్నే తర్వాత తువ్వాలు తడిపి వాడి తలకు చుట్టారట, ముంజలు కొనిపెట్టారట, తాను చిన్నప్పుడు బందరు కాలువలో ఈత నేర్చుకున్న సంగతులన్నీ చెప్పారట. పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ భోజనాల దగ్గర, చివరికి నాన్న సమాధి దగ్గర కూడా వాడు ఆ కథే చెప్పాడు. నాన్న నాతో ఎప్పుడూ అంతసేపు మాట్లాడలేదు. వాడికి ఆ రోజును ఇచ్చింది నేను, అందులో నేను లేను.

ఇవాళ బండి దిగకుండానే వాడు మనవరాలికి మళ్ళీ అదే మొదలుపెట్టాడు. నేనిక పట్టలేకపోయాను. లోపలికి వెళ్ళి, కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల మధ్య ఇన్నేళ్ళూ దాచిన పానా తెచ్చి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నీ దగ్గరుందా అక్కా?"

"ఆ రోజు నుంచీ ఉందిరా."

వాడు పానాను జేబులో వేసుకున్నాడు. తర్వాత మనవరాలి భుజం ఆసరాతో మెల్లగా కాలు తీసి కిందికి దిగాడు.

"బందరు దాకా నువ్వు కూర్చో. నేను బస్సులో వస్తాలే" అన్నాడు.

అరవై ఏళ్ళు కోరుకున్న సీటు నా ఎదురుగా ఖాళీగా ఉంది. మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పి వాణ్ణే మళ్ళీ ఎక్కించాను గానీ, నిజం అది కాదు. నా చూపు ఆ సీటు మీద నిలవలేదు. వరసకు నాకు మనవరాలయ్యే ఆ పిల్ల పెట్రోలు ట్యాపు తిప్పి, ఒక్క తన్నుతో ఇంజను స్టార్టు చేసి, "వెళ్ళొస్తామమ్మమ్మా" అని హ్యాండిలు మీద రెండు చేతులూ వేసి సాగిపోయింది. ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను. ఆ బండికి ఆయిలు కలపడం, ప్లగ్గు విప్పడం, చప్పుడు విని జబ్బేమిటో చెప్పడం అన్నీ నాకూ వచ్చు. అయినా ఆ హ్యాండిలు పట్టుకోవచ్చన్న ఊహ ఒక్కనాడు కూడా నాకు రాలేదు. మా కాలం ఆడపిల్లలం కుళ్ళుకోవడం కూడా వెనక సీటు దాకానే నేర్చుకున్నాం. డెబ్బై మూడేళ్ళు వచ్చాక ఇవాళ పొద్దున, మొదటిసారి, ముందు సీటును చూసి కుళ్ళుకున్నాను.