సీసా వాసన చెప్పిన మా అత్తయ్యగారు

పూజగదిలో దీపం మీద ఒట్టేసి చెబుతున్నాను: కింద రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదు. ఇక్కడ అమెరికాలో మా ఊరు షాంటిలీలో నా సంగతి తెలిసిన మిత్రులు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది అక్టోబరులో నేను సీనియర్ వైన్ కన్సల్టెంట్ హోదాలో ఉన్నాను. హోదా అంటే విజిటింగ్ కార్డు మీద మాటే. పైన అధికారి లేడు, కింద గుమాస్తా లేడు, ఆఫీసు మా ఇంటి బేస్‌మెంట్. గ్రీన్ కార్డ్ వచ్చాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఎంచుకున్న సొంత పని ఇది. తీరికైనప్పుడు పని, లుంగీ మీదే ఫోన్ కాల్స్. ఎవరైనా నలుగురిని పోగుచేస్తే టేస్టింగ్ పెట్టి, తలా రెండు గుక్కలు రుచి చూపించి, నచ్చిన సీసాలకు ఆర్డర్ తీసుకోవాలి. సరుకు కంపెనీయే పంపుతుంది.

ఇందులో తప్పకూడని నియమం ఒకటుంది. అతిథులకు పోసేముందు ప్రతి సీసా తెరిచి కన్సల్టెంట్ స్వయంగా వాసన చూడాలి. బెరడు మూతకు ఒక్కోసారి తెగులు పట్టి లోపలి వైన్ పాడవుతుంది. దాన్ని కార్క్‌డ్ అంటారు. రంగు మారదు, కంటికి దొరకదు. పట్టుకోగలిగింది ముక్కు ఒక్కటే.

ఆగస్టులో కోవిడ్ వచ్చి నా ముక్కు పోయింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. ఈ సంగతి మా ఆవిడ లలితకు కూడా చెప్పలేదు. ప్రతి సీసాకీ కంపెనీ పంపే వర్ణన కాగితాన్ని బట్టీపట్టి, గ్లాసు ముక్కు దగ్గర తిప్పుతూ అప్పజెప్పేవాణ్ణి.

నన్ను పట్టుకున్నది మా అత్తగారు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని కాకినాడ నుంచి వచ్చారు. బేస్‌మెంట్ సరుకు మెట్లెక్కి పైకి రాకూడదన్నది ఆవిడ పెట్టిన షరతు. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పులిహోర పోపు మాడిపోతుంటే పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ చూసుకుంటున్నాను. ఆవిడ పూజగదిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపారు.

“ఇంగువ బొగ్గైపోతోంది బాబూ! మీ ముక్కుకేమైంది?”

చెప్పేశాను. ఆ శుక్రవారమే పెద్ద టేస్టింగ్ ఉందని కూడా చెప్పాను. సుజాత అనే మా పాత కస్టమర్ తన మేనేజర్‌నీ టీమ్‌నీ మా బేస్‌మెంట్‌కే తీసుకొస్తోంది. “నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉందండీ, చెత్త పోసి నా పరువు తీయకండి” అని ముందే హెచ్చరించింది. చెడిన సీసా ఒక్కటి పోస్తే ఆమె పరువూ, నా పనీ రెండూ పోతాయి.

అత్తగారు మాడిన మూకుడు దించి పక్కన పెట్టారు. “నైవేద్యం రుచి చూసి వండం కదా. పులుసులో ఉప్పు తగ్గిందో లేదో నలభై ఏళ్ళుగా వాసనతోనే చెబుతున్నాను. సీసా మాత్రం ముట్టను. మీరు పట్టుకోండి, చూస్తాను. తర్వాత తలస్నానం చేస్తాలెండి.”

శుక్రవారం మధ్యాహ్నం చేతులు వెనక్కి కట్టుకుని మెట్లు దిగారు. మొదటి సీసా దగ్గర “మామిడికాయ చెక్కు తీస్తున్నట్టుంది” అన్నారు. రెండోదానికి “మిరియాల చారు దించి మూత తీసినట్టు.” మూడోదానికి “ఇది సీసాలో నింపినవాడు ఆవేళ పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడు.” నాలుగోదాని దగ్గర మొహం తిప్పేసుకున్నారు. “వానకి తడిసిన గోనెసంచి బాబూ. తీసేయండి.”

దాన్ని పక్కన పెట్టాను.

సాయంత్రం నేను కాగితం వదిలేసి ఆవిడ మాటలే చెప్పాను. మామిడికాయ చెక్కు అనగానే సుజాత పకపకా నవ్వింది. “ఇన్నాళ్ళూ మీరు ఈ వైన్‌కి గూస్‌బెర్రీ, గూస్‌బెర్రీ అంటుంటే అదేంటో తెలీక ఊరికే తలూపానండీ!” మేనేజర్ పక్కన పెట్టిన సీసా సంగతి అడిగాడు. కొంచెం పోసిచ్చాను. వాసన చూసి, తడిసిన అట్టపెట్టెలా ఉందని ఒప్పుకుని, దీన్ని ఎవరు పట్టుకున్నారని అడిగాడు. మా అత్తగారని చెప్పాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ మెట్ల మీద జీడిపప్పు పళ్ళెంతో నిలబడి సిగ్గుపడ్డారు. క్రిస్మస్ నాటికి నా ముక్కు కూడా తిరిగి వచ్చింది.

ఇక ఒట్టు సంగతి. పెళ్ళాంతో పోట్లాడిన మాట నేను అల్లానని మీరనుకుని ఉంటారు. అది ఆవిడ అన్నదే. నేను అల్లినవి చివరి మాటలు. ఎవరు పట్టుకున్నారని మేనేజర్ అడిగినప్పుడు “నేనే” అన్నాను. చప్పట్లు నాకే కొట్టారు. అత్తగారు మెట్ల మీద ఉన్న మాట నిజం. ఆవిడకు ఆపాటి ఇంగ్లీషు వచ్చు. పళ్ళెం బల్ల మీద పెట్టి పైకి వెళ్ళారు. ఆ తర్వాత కూడా, కాకినాడ విమానం ఎక్కేదాకా, నేను పిలిచిన ప్రతిసారీ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి వాసన చూసిపెట్టారు. ఆ సాయంత్రం ఊసెత్తలేదు.

ముక్కు ఇవాళ్టికీ రాలేదు. ఆవిడ వెళ్ళిన వారానికే విజిటింగ్ కార్డులు చింపేసి ఈ పని నుంచి రిటైరయ్యాను. కన్సల్టెంట్ అమ్మేది వైన్ కాదు, దాన్ని ముందుగా వాసన చూశానన్న మాట. ఆ మాట అబద్ధమైతే సీసా ఎంత మంచిదైనా సరుకు చెడినట్టే. ఇది నేను పనిలో ఉండగా తెలుసుకోవాల్సింది.