బోరు నీళ్ల ప్లేటు

జగ్గయ్యపేటలో టీ కెటిల్ అడుగున వారం తిరక్కుండానే సున్నం గట్టిపడుతుంది. ఇవాళ స్పూనుతో గీకుతుంటే ఆ కరకర చప్పుడుకు రత్నకుమారి మేడం గుర్తొచ్చారు. నందిగామలో ఒక చిన్న ల్యాబు డాక్టరు ఆవిడ. నాకు తొలి ఉద్యోగం ఇచ్చింది కూడా ఆవిడే. కోపం ఎక్కువ, కానీ అది ముందు తన మీదే చూపించుకునేవారు.

ఒకసారి వత్సవాయి ట్రాక్టరు డ్రైవరు వెంకటేశ్వర్లు కాలి పుండులోంచి తీసిన చీము పరీక్షకు వచ్చింది. పోషక పొడిని నీళ్లలో కాచి ప్లేటులో పోస్తే జెల్లీలా గడ్డకడుతుంది; చీములోని క్రిమిని దానిమీద పెంచి, మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం కనిపిస్తుంది. మిగతా మందులన్నీ అప్పటికే ఓడిపోయాయి. ఆఖరి మందుకూ వలయం రాలేదు. రిపోర్టు చూసి, మర్నాడు కాలు తీసేయాలని సర్జన్ నిర్ణయించారు.

కొత్తగా పోసిన ప్లేట్లలో, గుణం బాగా తెలిసిన క్రిమిని కూడా పెంచి చూడటం మా పద్ధతి. ఆ మధ్యాహ్నం మేడం ఆ ప్లేటును వెలుతురుకు పట్టి చూశారు. అందులోనూ వలయం లేదు.

"దీనికి ఈ మందంటే హడల్ సుజాతా. ఇదీ లొంగలేదంటే క్రిమి మారలేదమ్మా, మన ప్లేటు మారింది. నీళ్లెక్కడివి?"

"డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది కదండి. మీరు చెప్పినట్టే బోరు నీళ్లు కాచి, వడకట్టి పోసా."

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. మా బోరు నీళ్ల నిండా కాల్షియం, మెగ్నీషియమే. ఈ రకం క్రిమి పైపొరను బిగించి ఉంచేవీ అవే. అవి మోతాదు మించితే పొర ఇంకా బిగుసుకుని మందును లోపలికి రానివ్వదు. ఒంట్లో ఆ ఖనిజాలు ఎంతుంటాయో ప్లేటులోనూ అంతే ఉండాలి.

వెంటనే సర్జన్‌కు ఫోన్ చేశారు. "కాలు తీయొద్దండి. రిపోర్టు తప్పు. తప్పు నాదే. ఇంకొక్కసారి చూసి చెప్తా, ఆగండి."

విజయవాడ నుంచి డిస్టిల్డ్ వాటర్ తెప్పించి మళ్లీ ప్లేట్లు పోశాం. ఈసారి ఆఖరి మందు చుట్టూ చక్కటి వలయం! నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. మేడం మాత్రం కుర్చీలో కూలబడి, "టీ పెట్టవే తల్లీ," అన్నారు.

కొన్నాళ్లకు వెంకటేశ్వర్లు ట్రాక్టరు మా గుమ్మానికి అడ్డంగా ఆపి, రెండు కాళ్ల మీదా దిగాడు. బండి అక్కడ పెట్టినందుకు మేడం అతన్ని దులిపేశారు. అంత హాయిగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు నాకూ సొంత ల్యాబుంది. ఏ మందూ పనిచేయదని తేలిన రోజున, సంతకం పెట్టేముందు వెళ్లి నీళ్ల డబ్బా చూసొస్తాను. క్రిమిని తిట్టేది ఆ తర్వాతే.