సామాను: రెండు మాత్రమే

మధురై వెళ్ళవలసిన రైలు మా కళ్ళముందే కదిలి వెళ్ళిపోయింది. దారిలో రైలు మారవలసిన జంక్షన్‌లో, మేము ఇంకా వంతెన మెట్ల మీదే ఉన్నాము. దిగవలసినవి పదిహేను మెట్లు. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి, ప్లాట్‌ఫారం మీద బెంచీ వెతుక్కుని కూర్చుని, నేను చేసిన మొదటి పని రిజిస్టరు తెరవడం. "సామాను: రెండు మాత్రమే. రైలు తప్పుటకు కారణం: శ్రీమతి నెమ్మది నడక" అని రాసి, సమయం వేసి, కింద సంతకం చేశాను.

ఎదురుగా పెట్టె మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్న నా భార్య ఆ వాక్యాన్ని తలకిందులుగానే చదివింది. ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లల చేతిరాత చదివిన మనిషికి తలకిందుల అక్షరాలు ఒక అడ్డు కావు.

"బాగా రాశారు," అంది. "ఇంక జన్మలో మీతో ప్రయాణం చెయ్యను. అదీ రాసుకోండి."

అదీ రాసుకున్నాను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో మొదటి పన్నెండేళ్ళూ కాలువ లాకుల దగ్గర పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడమే నా పని. పుస్తకంలోకి ఎక్కని నీళ్ళు కాలువలో పారనట్టేనని మా పై అధికారి నేర్పారు. ఆ సూత్రాన్ని ఇంటికి తెచ్చుకోవడంలో తప్పేముందో నాకు నేటికీ బోధపడలేదు. పెళ్ళయిన ఏడాది నుంచి మేము చేసిన ప్రతి ప్రయాణానికీ నా దగ్గర లెక్క ఉంది. తీసుకువెళ్ళిన వస్తువు, వాడినదీ లేనిదీ, తిరిగి వచ్చినదీ లేనిదీ, రిమార్కులు. కాలికో గుడ్డ అట్టతో బైండు చేయించిన రిజిస్టరు అది.

కనుక, మాట పడ్డది నేనన్న రోషం నాకు నిజంగానే ఉండేది. ఆవిడ ఎప్పుడూ అంటున్నట్టు రెండు పెట్టెలు సామాను ఎక్కువెలా అవుతాయి? వీపుకు ఒక్క సంచి తగిలించుకుని దేశమంతా తిరిగి వచ్చామని ఈ రోజుల్లో పిల్లలు ఫోనుల్లో చెబుతుంటారు. వాన పడితే ఏం చేశారని వాళ్ళనెవరూ అడగరు. అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ తరువాత ఏడాదిపాటు మా ఇంట్లో ప్రయాణం మాట లేదు. ఒకరోజు ఆవిడ ఫోను పెట్టేసి, తనతో పనిచేసి రిటైరైన టీచర్లంతా హంపి వెళుతున్నారనీ, తానూ వెళుతున్నాననీ చెప్పింది. స్లీపర్ క్లాసు, దారిలో ఒకచోట రైలు మారడం, సత్రంలో గదులు, అన్నీ చవకలో. కొందరు భర్తలను కూడా తీసుకువస్తున్నారట. షరతు ఒక్కటే. మనిషికి ఒక్క సంచి, ఎవరిది వాళ్ళే మోసుకోవాలి.

"మరి నేను?" అన్నాను.

"మీకేమండీ, హాయిగా ఇంట్లో ఉండండి. పప్పు వండుకోవటం వచ్చుగా."

వచ్చు. కానీ ఆ క్షణాన నాకు కనబడింది పప్పు కాదు. హంపి రాళ్ళ మధ్య ఆవిడ మరొకరితో నవ్వుతూ నడవడం, ఇక మీదట ప్రతి ఏడూ అలాగే నడవడం, నేను గుమ్మంలో నిలబడి ఆటో ఎక్కించి వెనక్కి రావడం. నా ముఖంలో అది కనబడిందేమో, తనే అంది.

"ఆదివారం సాయంత్రానికి పేర్లివ్వాలి. ఈలోపు ఒక్క సంచి సర్దుకుని, మన మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి చూపించండి. లిఫ్టు ముట్టుకోకూడదు. ఎక్కారా, మీ పేరిస్తా. లేదా, పప్పు."

మాది సత్యనారాయణపురంలో మూడో అంతస్తు. వారం గడువు.

సంచి సర్దడానికి ముందు రిజిస్టరు మొత్తం తిరగేశాను. నా రాతలే నాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయని నేనెన్నడూ అనుకోలేదు. పదకొండు ప్రయాణాలు చేసిన గొడుగును విప్పింది ఒక్కసారి. అది కూడా పెట్టెలో మరచెంబు కారి తడిస్తే ఆరబెట్టడానికి. ఇస్త్రీ పెట్టె ఎదుట ఒకచోట "ప్లగ్గు అందలేదు" అని ఉంది. తరువాతి ప్రయాణంలో ఎక్స్‌టెన్షన్ బోర్డు చేరింది. దాని ఎదుట రిమార్కు: "బోర్డు పనిచేసినది. ఇస్త్రీ పెట్టె మరచితిమి." పెట్టెలను సీటు కింద కట్టివేయడానికి రెండు కిలోల ఇనుప గొలుసు ఉండేది. ఆ గొలుసు బరువుకే పెట్టెను ఏ దొంగా ఎత్తలేడన్న సంగతి ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు.

వన్ టౌన్ వెళ్ళి కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగు త్రాసు కొనుక్కొచ్చాను. ప్రతి వస్తువునూ తూచాను. రెండు పంచెలు ఒకటయ్యాయి. అదే తువ్వాలు, అదే దుప్పటి, అవసరమైతే అదే కిటికీ తెర. చొక్కాలు మడత మాని చుట్టలు చుట్టాను. మేజోళ్ళను మరచెంబులో కూరాను.

"ఆ చెంబుతో నాకు మాత్రం మంచినీళ్ళివ్వకండి," అంది ఆవిడ అటుగా వెళుతూ.

సంచి ఆరు కిలోల రెండు వందల గ్రాములకు దిగింది. రోజూ ఉదయం దానితో మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. రెండో అంతస్తులో ఉండే పెద్దాయన, మైలవరం వైపు మామిడితోటలున్న రైతు, పేపరు కోసం తలుపు తీసి నన్ను చూశాడు.

"ఏంటండీ సారూ, పొద్దున్నే బ్యాగుతో! మేడంగారు గెంటేశారా?"

"లేదండీ. ప్రయాణానికి అభ్యాసం."

"ప్రయాణానికి ప్రాక్టీసేంటండీ బాబూ! మా తోటకి రండి, కాయల గంపలు మోద్దురుగాని. ప్రాక్టీసుకి ప్రాక్టీసు, పళ్ళకి పళ్ళు."

మరునాడు అదే వేళకు మళ్ళీ తలుపు తీశాడు. "ఇవాళ కూడా లోపలికి రానివ్వలేదాండీ?" అన్నాడు ఎంతో సానుభూతితో. మూడో రోజు వాళ్ళావిడను కూడా పిలిచి చూపించాడు.

శనివారం సాయంత్రం పరీక్ష. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని గోంగూర ఆకు తుంపుతూ కూర్చుంది. నేను ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. సంచి ఆవిడ ముందు దించి, ఆయాసం కనబడకుండా ముక్కుతోనే గాలి పీలుస్తూ, "ఏం, పాసయ్యానా?" అన్నాను.

"పాసే," అంది. "మరి నీళ్ళేవండీ?"

"నీళ్ళు సామాను కాదుగా. చేతి సంచిలో ఉంటాయి."

"తిండి?"

"అదీ చేతి సంచే."

"మందులు? దుప్పట్లు? స్నానానికెళితే వేసుకునే చెప్పులు?"

"అన్నీ చేతి సంచులేనోయ్. ఎప్పుడూ ఉండేవేగా."

"ఎవరి చేతికి?"



మా ప్రాంతపు లెక్క అది, నా ఒక్కడి లెక్క కాదు. పెట్టె సామాను, బెడ్డింగు సామాను. చేతికి తగిలించుకునే గుడ్డ సంచి సామాను కాదు. మా అమ్మా అలాగే అనేది. ఏ ఊరి బస్సులోనైనా చూడండి, "రెండే సామానండీ" అని కండక్టరుకు చెప్పి, ఆ వెనకే ఏడు సంచులు కిటికీలోంచి అందిస్తాము. అబద్ధమాడుతున్నామని ఎవరికీ అనిపించదు. కండక్టరుకూ అనిపించదు. నలభై ఏళ్ళ రిజిస్టరులో నేను ప్రతి గుండుపిన్నూ రాశాను. ఒక్క చేతి సంచీ రాయలేదు.

ఆవిడ గోంగూర పక్కన పెట్టి లేచింది. వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడే సంచులను, పెళ్ళిళ్ళలో ఇచ్చినవీ బట్టల కొట్లవాళ్ళిచ్చినవీ, ఐదింటిని తెచ్చింది. మధురై ప్రయాణంనాడు ఏ సంచిలో ఏముందో, రిజిస్టరు అవసరం లేకుండానే, ఒక్కొక్కటీ చెబుతూ నింపింది. రెండు పెద్ద సీసాల నీళ్ళు. పులిహోర డబ్బాలోనూ పెరుగన్నం డబ్బాలోనూ వాటికి బదులు బియ్యం. ఆవకాయ సీసా, జంతికల డబ్బా, అరటిపళ్ళు. దుప్పట్లు. మందులు. చెప్పులు.

"మీ త్రాసేదీ? తూచండి."

తూచాను. ఐదూ కలిపి పన్నెండు కిలోల పైచిలుకు. నా రెండు పెట్టెలకూ చక్రాలున్నాయి. సంచులకు లేవు.

"నా నడక నెమ్మదని రాశారుగా," అంది. కోపంగా కూడా అనలేదు. "ఇవి పట్టుకుని మీ నడక చూపించండొకసారి."

ఐదు సంచులతో దిగడం ఎలాగో దిగాను. ఎక్కడం మొదలుపెట్టాక తెలిసింది, సంచి బరువు భుజానికి కాదు, వేళ్ళకు తెలుస్తుందని. గుడ్డ పిడులు తాళ్ళలా మెలిపడి వేళ్ళలో దిగాయి. నీళ్ళ సంచి ప్రతి మెట్టుకూ మోకాలి చిప్పను వెతుక్కుని మరీ కొట్టింది. చీర కుచ్చిళ్ళు పట్టుకోవలసిన పని నాకు లేదన్నది గుర్తొచ్చి మరింత చిన్నబోయాను. రెండో అంతస్తు మలుపులో మెట్టు మీద కూలబడ్డాను. తలుపు తెరుచుకుంది.

"అయ్యో సారూ! ఈసారి సంసారం మొత్తం ఇచ్చి పంపేశారాండీ?"

"కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాను.

"మీ చేతిలోనే నాలుగు లీటర్లున్నాయి కదండీ!"

ఇంటికి చేరి రిజిస్టరు తెరిచాను. ఆఫీసులో తప్పు రాతను చెరపకూడదు, చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం చెయ్యాలి. "శ్రీమతి నెమ్మది నడక" మీద అలాగే గీత కొట్టాను. "చేతి సంచులు: ఐదు. మోసినది: శ్రీమతి" అని రాశాను. ఆ తరువాత పేజీలు వెనక్కి తిప్పుతూ, ప్రతి ప్రయాణం పక్కనా స్కేలుతో కొత్త గడి గీశాను. గడులైతే గీశాను గానీ వాటిలో ఏం రాయాలో తెలియలేదు. కలం పట్టుకుని ఆవిడ వంక చూశాను.

"కూచిపూడిలో పెళ్ళికెళ్ళాం చూడండి, మన అమ్మాయికి తొమ్మిది నెలలప్పుడు," అంది ఆవిడ మళ్ళీ గోంగూర ముందేసుకుంటూ. "దానికి నాలుగు రాయండి. పిల్ల సామాను కాదు కాబట్టి దాన్నొదిలెయ్యండి."

అలా ఆవిడ చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. కొన్నింటికి "గుర్తులేదు లేండి" అంది. అవి ఖాళీగానే ఉన్నాయి.

ఆదివారం ఉదయం పరీక్ష మళ్ళీ జరిగింది. ఈసారి నా నీళ్ళు, నా తిండి, నా మందులు, నా చెప్పులు నా సంచిలోనే ఉండాలి. సంచి జిప్పు పడలేదు. ఏది తీసినా ఇబ్బందే. చొక్కా, మరచెంబు, టార్చి ఒక్కొక్కటీ తీసి చూశాను, చాలలేదు. అడుగున, రాత్రి అలవాటుగా మళ్ళీ సర్దేసినదేదో గట్టిగా తగిలింది. నేను ఇన్ని రోజులూ తూచని వస్తువు ఒకటుంది. కొక్కేనికి తగిలించి చూస్తే కిలో తొమ్మిది వందలు. నా సంచిలో అన్నింటికన్నా బరువైనది, అందులో ఏమేముందో రాసే పుస్తకమే.

నేను రిజిస్టరును బీరువాలో పెట్టి వచ్చి జిప్పు వేశాను. ఎక్కాను, దిగాను, రెండుచోట్ల ఆగి ఎక్కాను. ఆగకూడదని షరతులో లేదని వాదించడానికి సిద్ధంగా ఉన్నాను గానీ, ఆవిడ అప్పటికే ఫోనులో ఉంది. "ఆఁ, మావారి పేరు కూడా రాయండి. ఒక్కటే సంచండీ. నేను చూశాగా," అంటోంది.

రైలు మారవలసిన స్టేషన్‌లో మళ్ళీ వంతెన వచ్చింది. ఆవిడ వీపున బీసెంట్ రోడ్డులో కొన్న చిన్న సంచి ఒక్కటే ఉంది. రెండు చేతులూ ఖాళీ. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, తోటి టీచర్లతో మాట్లాడుతూ మెట్లు ఎక్కిపోయింది. ఆవిడ నడక ఎంత వేగమో నేను చూడడం అదే మొదలు. నేను సగం మెట్లలో ఉండగా పైకి చేరి, అందరినీ ముందుకు పంపి, నా కోసం నిలబడింది. రైలుకు ఇంకా ఏడు నిమిషాలుంది.

"ఏమండీ, ఇది గనక తప్పితే కారణం ఏమని రాస్తారు?"

"రిజిస్టరు తేలేదు," అన్నాను, కమ్మీ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ.

"ఫర్లేదు లేండి," అంది. "నాకు గుర్తుంటుంది."